తొలి వేట ఎక్కే బండి

పదకొండో భాగం

పోయిన వారం మనం రోజారమణిని ఇంటి పక్క రేకుల కొట్టంలో, చార్జరు పెట్టె ముందు గొంతుక్కూర్చున్న చోట విడిచిపెట్టాం. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. బండి తెర మీద తొమ్మిది అంకె ఉంది. నూటికి తొమ్మిది. శనివారం సాయంత్రం తీగ పెట్టినప్పుడు వెలిగిన ఆ ఎర్ర దీపం సోమవారం తెల్లవారినా పచ్చగా మారలేదు.

కథలో ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్లకు నాలుగు మాటలు. వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది ఉప్పుగుంటపాళెం. పన్నెండేళ్లుగా ఆ ఊరి చేప గూడూరు మార్కెట్టుకు మాల్యాద్రి డీజిల్ బండిలోనే పోతోంది. ఆ బండి నిండితే గాని కదలదు. అది నిండే లోపల పైన ఐసు కరుగుతుంది, అడుగున చేప మెత్తబడుతుంది. తట్టల్లో అమ్ముకునే ఆడవాళ్లకు అందులో చోటే లేదు. ఈ బాధ చూడలేక రోజారమణి ఉగాదికి కరెంటు బండి కొన్నది. నాలుగు చక్రాలు, ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక తొట్టి. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. చిక్కంతా ఒక్కచోటే ఉంది. మాల్యాద్రి ఎవరో కాదు, రోజారమణి అత్త నాగులమ్మకు సొంత తమ్ముడు.

వేట నిషేధం రెండు నెలలూ ముగిశాక పడవలు మొదటిసారి సముద్రం మీదికి పోయే రోజున ఆ ఊరికో కట్టుబాటు ఉంది. తొలి పడవ ఒడ్డు తాకే సమయానికి ఏ బండి ఒడ్డున నిలబడి ఉంటుందో, తొలి వేట ఆ బండికే ఎక్కాలి. రెండు బండ్లుంటే ఊరి పెద్ద, పెద్దకాపు అంటారు ఆయన్ని, చెయ్యి ఎటు చూపిస్తే అటు. తొలి వేట ఎక్కిన బండికే ఆ ఏడాదంతా ఊరి చేప. మధ్యలో మార్చడానికి లేదు. కట్టుబాటు దాటిన వాళ్లతో ఊళ్లో ఎవరూ మాట కలపరు.

ఆ తొలి రోజు ఇదే. పడవలు తెల్లవారుజామునే వెళ్లాయి. రోజారమణి మొగుడు సుబ్బు కూడా వెళ్లాడు. పదకొండుకల్లా తిరిగొస్తాయి. మాల్యాద్రి డీజిల్ బండి పొద్దున ఆరింటి నుంచే ఒడ్డున నిలబడి ఉంది.

ఎనిమిదింటికి కొట్టం ముందు స్కూటరు ఆగింది. మెకానిక్కును పంపుతామని కంపెనీ వాళ్లు చెబితే బుర్రమీసాల మనిషి ఎవరో వస్తాడనుకుంది రోజారమణి. హెల్మెట్ తీసేసరికి పాతికేళ్ల పిల్ల. పేరు వినీల. బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే వాళ్ల పిల్లట. నెల్లూరులో ఆరింటికి బయల్దేరానని, దారిలో ఎక్కడా ఆగలేదని చెప్పింది.

అప్పటికే అరుగు మీద ఇందిరమ్మ తట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ బండి కదలకపోతే ఆమెకు మళ్లీ వాకాడు దాకా నెత్తిన తట్టతో నడకే. అరవై ఏళ్లు దాటాయి. మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలా రోజులైంది. నోరు మాత్రం వింటుంది.

“ఏమ్మే, బండికి ఆడడాక్టరును పంపినారే. కాన్పు గాని ఉందా ఏంది దీనికి?”

“ముందు నాడి చూడనీ అవ్వా,” అంది వినీల సంచి దించుతూ.

ఆ పిల్ల ముందుగా కరెంటు ఆపేసింది. గోడలోని ప్లగ్గు విప్పి చూసింది. బాగుంది. మీటరు నుంచి కొట్టం దాకా సుబ్బు వేయించిన లావు తీగను వేళ్లతో తడుముతూ పోయింది. అదీ బాగుంది. భూమిలోకి దించిన ఎర్తు కడ్డీ దగ్గర చిన్న మిషను పెట్టి చూసి తలూపింది. చార్జరు పెట్టె మూత తీసి లోపల చూసి, దీనికేం కాలేదక్కా అంది.

ఒక్కొక్కటి బాగుందని చెప్పే కొద్దీ రోజారమణి గుండె జారిపోయింది. గోడలో లోపం లేదు, తీగలో లోపం లేదు, పెట్టెలో లోపం లేదు. ఇక మిగిలింది బండి. ఆదివారం ఫోనులో కంపెనీ మనిషి చెప్పిన మాట ఆమె చెవిలోంచి పోలేదు. లోపం బ్యాటరీలో ఉంటే బండిని లారీకెక్కించి చెన్నై పంపాలి, నెల పడుతుంది అన్నాడు. నెల అక్కర్లేదు, మూడు గంటలు ఆలస్యమైనా ఏడాది పోయినట్టే.

వినీల బండి పక్కకు వచ్చి డ్రైవరు తలుపు కింద ఉన్న చిన్న మూత తెరిచింది. తీగ కొసన ఉండే గన్నును పెట్టేది అక్కడే. అరచేయంత గుండ్రటి బిళ్ల, దాని మీద ఏడు రంధ్రాలు, పెద్దవి కొన్ని, చిన్నవి రెండు. ఫోను లైటు వేసి వంగి చూసింది.

“అక్కా, ఈ చీమలు ఎప్పటి నుంచి?”

రోజారమణి కూడా వంగింది. ఎర్ర చీమలు బారుగా చక్రం మీద నుంచి ఎక్కి, మూత అంచు దాటి లోపలికి పోతున్నాయి. నిన్న కూడా చూసింది. చేప వాసనకు వచ్చాయేమో అనుకుని గుడ్డతో తుడిచేసింది.

“చేపకొచ్చేవైతే వెనక తొట్టిలో తిరగాల. ఇవి నోట్లోకి పోతా ఉండాయి,” అని వినీల ఇంకా దగ్గరగా చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. “లోపల ఎవరో ఏదో పెట్టినారక్కా. గాలికి పడింది కాదిది. చేత్తో పెట్టిందే.”

రోజారమణి నిటారుగా నిలబడింది.

శనివారం మధ్యాహ్నం ఆమె ఐసు మాట్లాడి వచ్చేసరికి నాగులమ్మ కొట్టంలోంచి బయటికి వస్తోంది. కుడిచెయ్యి కొంగులో దాచుకుని ఉంది. కోడల్ని చూసి ఉలిక్కిపడింది. ఏమత్తా అంటే, కోడి దూరిందిలే తోలొచ్చినా అని చెప్పి గబగబా లోపలికి పోయింది. వాళ్ల ఇంట్లో కోళ్లు లేవు. ఆ సాయంత్రమే ఎర్ర దీపం వెలిగింది.

ఈ రెండు రోజులూ రోజారమణి ఆ సంగతిని ఎవరికీ చెప్పలేదు. సుబ్బుకు కూడా చెప్పలేదు. నోరు దాటి బయటికొస్తే ఇల్లు రెండు ముక్కలవుతుందని తెలుసు. బండి ఇంటికొచ్చిన రోజు నాగులమ్మ హారతి ఇవ్వడానికి బయటికి రాలేదు. నా తమ్ముడి పొట్ట మీద కొట్టే బండి మొగం నేను చూడనని లోపల్నుంచే అంది. అన్నట్టుగానే మూడు నెలలూ దాని వైపు కన్నెత్తి చూడలేదు. అటువంటి మనిషికి శనివారం మిట్టమధ్యాహ్నం కొట్టంలో ఏం పని?

సరిగ్గా అప్పుడే నాగులమ్మ మెకానిక్ పిల్లకు టీ గ్లాసు పట్టుకుని వచ్చింది.

“అత్తా,” అంది రోజారమణి. “శనివారం కొట్టంలోకి ఎందుకు పోయినావు?”

“చెప్పినా గదా. కోడి...”

“మనకు కోడి లేదత్తా.”

అరుగు మీద ఇందిరమ్మ ఆకు నమలడం ఆపింది. వినీల తనకేమీ వినపడనట్టు మళ్లీ మూత వైపు తిరిగి, సంచిలోంచి సన్నటి పట్టకారు తీసుకుంది.

రోజారమణి గొంతు పెంచలేదు. రెండు రోజులు లోపల ఉడికిన మాట నెమ్మదిగానే బయటికి వచ్చింది.

“నీ తమ్ముడి బండి నిలవాలని నా బండి నోరు మూసినావు. నీకు అంత కష్టంగా ఉంటే నా మొగానే చెప్పి ఉండొచ్చు. కోడలా, ఈ బండి వద్దు, అమ్మెయ్యి అంటే ఏడ్చుకుంటా అమ్మేసి ఉందును. దొంగతనంగా చేసినావే, అది నేను మింగలేకపోతా ఉన్నా.”

నాగులమ్మ గ్లాసును అరుగు మీద పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. కాదంటుందని, అరుస్తుందని, వీధిని పిలుస్తుందని ఎదురు చూసింది రోజారమణి. అదేమీ జరగలేదు.

“నేనే పెట్టినా,” అంది నాగులమ్మ. “పెట్టింది నిజమే. మూసేదానికి కాదు.”

పట్టకారు బయటికి వచ్చింది. వినీల దాని కొసన ఉన్నదాన్ని తెల్ల గుడ్డ మీద పెట్టింది. గోధుమరంగుగా ఎండిపోయిన చిన్న ముద్ద, దానికి అంటుకుని రెండు చీమలు. గోటితో విడదీసి చూసి వాసన చూసింది. వరి పండించే ఇంట్లో పుట్టిన పిల్ల, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఇది మెతుకు. పెసరపప్పు గూడా ఉంది. బెల్లం వేసి వండింది.” ఆ పిల్ల నాగులమ్మ వైపు చూసింది. “పొంగలి గదా అవ్వా?”

నాగులమ్మ తల ఊపి కొట్టం గుంజకు చేరగిలబడి కూర్చుంది. ఇక దాచేది ఏముందన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. శనివారం గంగమ్మ పొంగళ్లు. వేటకు పోయే ముందు ఊరంతా ఒడ్డున పొంగలి వండుకునే రోజు. ఆ రోజు ఇంటికి కూడు పెట్టే వస్తువు ఏదీ పస్తుండకూడదు. ఇంటి పెద్ద ఆడది తొలి మెతుకు తీసి పడవ ముందు కొసకు, వాళ్లు అణియం అంటారు దాన్ని, అక్కడ పెట్టి పసుపు పూస్తుంది. తర్వాత వలకు, తెడ్డుకు, ఇంజనుకు. తన అత్త చేసింది, అత్తకు అత్త చేసింది. ఇంజన్లు వచ్చిన కొత్తలో ఇంజనుకు పెట్టాలా వద్దా అని ఆడవాళ్లలో పెద్ద తగువే జరిగిందట. చివరికి, అది కూడా మనకోసం చాకిరి చేస్తోంది గదా అని పెట్టారట.

“అన్నిటికీ పెట్టి ఇంటికొస్తి,” అంది నాగులమ్మ. “ఇది ఒక్కటీ కొట్టంలో ఒంటరిగా నిలబడి ఉండాది. సోమవారం నుంచి నా కోడలు దీని మీద రోడ్డెక్కాల. నా బిడ్డ సముద్రం మీద, నా కోడలు రోడ్డు మీద. ఒకటికి పెట్టి ఒకటిని ఎండగట్టేదానికి నాకు చెయ్యి రాలా. దీనికి అణియం యాడుందో నాకేం తెలుసు? ముందు చూస్తే అద్దం. వెనక చూస్తే తొట్టి. నువ్వు దినామూ సాయంత్రం తీగ పెట్టేది ఈడ గదా. ఇది తినేది ఈడనే అనుకుని మూత తీసి మూడు మెతుకులు పెట్టినా.”

“నాకు చెప్పి పెట్టుంటే ఏమయ్యేదత్తా?”

“ఎట్టా చెప్పేది? దాని మొగం చూడనని ఊరందరి ముందర అంటి. నువ్వు నవ్వుతావని.” కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అంది. “ఆ సాయంత్రం ఎర్ర దీపం చూసినప్పటి నుంచి నాకు కూడు దిగలా. నేను తిట్టిన తిట్లకు గంగమ్మ కోపగించుకునిందేమో అనుకున్నా. నా మెతుకు అడ్డం పడిందని నాకేం తెలుసు?”

అత్త చెయ్యి కొంగులో ఎందుకు దాచుకుందో రోజారమణికి ఇప్పుడు అర్థమైంది. వేళ్లకు పసుపు అంటి ఉంటుంది. మూత మీద పచ్చగా మరకుంటే తానే శనివారం దుమ్మనుకుని తుడిచేసింది కూడా. రెండు రోజులుగా గుండెలో బండరాయిలా ఉన్నది ఒక్కసారిగా దిగిపోయేసరికి, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వే ముందు వచ్చింది.

వినీల మెల్లగా ఇంకో మాట చెప్పింది. అవ్వ పెట్టింది పైపైనే. దాన్ని చిన్న రంధ్రంలోకి దిగ్గొట్టింది రోజారమణి చేతిలోని గన్నే. ఆ చిన్న రంధ్రంలో ఉన్న పుల్లతోనే బండి, చార్జరు ఒకదాన్నొకటి గుర్తు పడతాయి. ఎదుట ఉన్నది ఎవరో తెలియకుండా చార్జరు కరెంటు వదలదు. అందుకే ఎర్ర దీపం. అది అట్లా వదలకపోవడమే మంచిదైంది, తడి మెతుకులో కరెంటు పారి ఉంటే పెద్ద నష్టమే జరిగేదని చెప్పింది.

“అయితే అత్త పెట్టింది, కోడలు కుక్కింది,” అని ఇందిరమ్మ మళ్లీ ఆకు నమలడం మొదలుపెట్టింది. “నీ చేతి పొంగలి సంగతి నాకు తెలుసు గదా నాగులూ. నీ మొగుడు, మహానుభావుడు, పెళ్లైన కొత్తలో అది తిని రెండు దినాలు నోరు తెరవలా. మేమంతా మొగమాటం అనుకుంటిమి.”

నాగులమ్మ ఆమె వైపు ఉరిమి చూసింది గాని ఆ చూపులో ఉరుము లేదు.

తర్వాత అరగంట వినీలదే. పుల్లంత బ్రష్షుతో ఏడు రంధ్రాలూ తోమింది. ఏదో మందు కొట్టింది. అది ఆరేదాకా చిన్న మిషనుతో గాలి ఊదింది. ఆపైన బండికి తన ఫోను కలిపి బ్యాటరీ లోపలి లెక్కలన్నీ చూసింది. చూస్తున్నంత సేపూ రోజారమణి ఆమె మొహాన్నే చూసింది. చివరికి వినీల తలెత్తి, బ్యాటరీ గుండ్రాయిలా ఉందక్కా, చెన్నై మాట మర్చిపోండి అంది.

కరెంటు వేసి, గన్నును తీసుకొచ్చి నాగులమ్మ చేతిలో పెట్టింది.

“నేనెందుకమ్మాయా?”

“తినిపించాలనుకున్నారు గదా అవ్వా. తినేది ఇదే. పెట్టండి.”

నాగులమ్మ రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డ నోటికి ఉగ్గు గిన్నె అందించినట్టు మెల్లగా ఆనించింది. రోజారమణి ఆ చేతుల మీద చెయ్యి వేసి లోపలికి నెట్టింది. లోపల టక్‌మన్నది. నాగులమ్మ ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. పెట్టె మీద ఎర్ర దీపం ఆరిపోయింది. ఒక క్షణం ఏ దీపమూ లేదు. తర్వాత పచ్చగా వెలిగింది.

ఎనిమిదీ నలభై అయిదు. బండి తెర మీద తొమ్మిది.

ఇక మిగిలింది లెక్క. ఇంటి చార్జరు మీద గంటకు నూటికి పద్నాలుగున్నర ఎక్కుతుంది. తొట్టి నిండా చేప, ఐసు ఉంటే కిలోమీటరుకు ఒకటి ఖర్చవుతుంది. ఒడ్డు నుంచి గూడూరు మార్కెట్టు ముప్పై అయిదు కిలోమీటర్లు. గూడూరులో బైపాసు పక్కన పెద్ద చార్జరు ఉంది, అక్కడ పడితే మళ్లీ నింపుకోవచ్చు. అక్కడిదాకా చేరాలి, అంతే. పడవలు పదకొండుకు ముందు రాకూడదని ఆ ఇంట్లో ఆడవాళ్లు కోరుకున్నది వాళ్ల జన్మలో అదే మొదటిసారి.

వినీల వెళ్లలేదు. పచ్చదీపం ఒక గంట నిలిచేదాకా చూసి పోతానంది. నాగులమ్మ ఆ పిల్లకు సద్దన్నం, చేపల పులుసు పెట్టింది. తింటూ ఆ పిల్ల తమ ఇంటి సంగతి చెప్పింది. వాళ్ల నాన్న ట్రాక్టరు కొన్న రోజు వాళ్లమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, ఉన్న పూలన్నీ పొగగొట్టంలో కూరిందట. స్టార్టు చేసేసరికి పూలు లేచిపోయి, చూడటానికొచ్చిన పక్కింటి పెద్దాయన నెత్తిన పడ్డాయట. ఆయన ఆ ఏడాదంతా తనకు సన్మానం జరిగిందని చెప్పుకున్నాడట. నాగులమ్మ నవ్వింది. రెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో పెద్దావిడ నవ్వు వినపడింది.

వెళ్లబోయే ముందు వినీల బండి ముందుకు వచ్చి, అద్దం కింద కంపెనీ బొమ్మ ఉన్నచోట చేత్తో తట్టింది.

“అవ్వా, దీని అణియం ఇదే. పసుపు పూయండి, కుంకుమ పెట్టండి, నిమ్మకాయ కట్టండి, మీ ఇష్టం. ఆ మూత జోలికి మాత్రం పోబాకండి.”

నాగులమ్మ లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చింది. పట్టపగలు, వీధి వాకిలి తెరిచి ఉండగా, ఇందిరమ్మ చూస్తుండగా, నీళ్లలో పసుపు కలిపి బండి మొహానికి పూసింది. చుట్టుపక్కల నలుగురు ఆడవాళ్లు తొంగి చూశారు. పూసింది మాల్యాద్రి అక్క. ఆ వార్త ఒడ్డుకు చేరడానికి పెద్దగా సమయం పట్టి ఉండదు.

పదకొండుకు పది నిమిషాలున్నప్పుడు పడవలు కనిపిస్తున్నాయని కేక వచ్చింది. తెర మీద ముప్పై తొమ్మిది. రోజారమణి గన్ను తీసి, మూత వేసి, వేసిన మూతను ఒకసారి ఒత్తి చూసుకుని బండెక్కింది.

ఒడ్డున జనం ఉన్నారు. పెద్దకాపు పోలయ్య తాటాకు పందిరి కింద కుర్చీలో ఉన్నాడు. పక్కనే మాల్యాద్రి బండి, దానికి ఆనుకుని మాల్యాద్రి. కరెంటు బండి చప్పుడు లేకుండా వచ్చేసరికి జనం వెనక్కి తిరగనే లేదు. రోజారమణి హారను కొడితే గాని దారి ఇవ్వలేదు. బండి మొహాన పచ్చగా ఉన్న పసుపును మాల్యాద్రి చూశాడు. దాని వెనకే నడిచి వస్తున్న అక్కను చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

రెండు రోజులుగా చార్జింగు ఎక్కడం లేదని ఊరంతా అంటోంది, గూడూరు దాకా పోతుందా అని పెద్దకాపు అడిగాడు. పోతుంది పెద్దయ్యా అని రోజారమణి చెప్పింది. ఎంత ఉందో, ఎంత కావాలో, ఎంత మిగులుతుందో దాచకుండా చెప్పింది. నాలుగే మిగులుతుందని విని కొందరు గొణుక్కున్నారు.

“సెల్ ఫోను మాదిరి మధ్యలో ఆరిపోతే ఏం జేస్తావు కోడలా?” అన్నాడు మాల్యాద్రి. “ఊరి చేప నెత్తిన మోస్తావా?”

“ఆమె ఎందుకు మోస్తాది,” అంది నాగులమ్మ. “నేను మోస్తాలే తమ్ముడా. నువ్వు మా తట్టలు దించేసిన దినాల్లో మోసి మోసి అలవాటే.”

పందిరి కింద నవ్వులు లేచాయి. తొలి పడవ అలల మీదుగా వచ్చి ఇసకను తాకింది. పెద్దకాపు కుర్చీలోంచి లేచి, అందరినీ ఒకసారి చూసి, పసుపు పూసిన బండి వైపు చెయ్యి చూపించాడు.

వంజరాలు, చందువలు, కానగంతలు పెట్టెలకెత్తి ఐసు కప్పుతుంటే, తొట్టిలో తట్టలకని వదిలిన మూలన ఇందిరమ్మ తన తట్ట ముందుగా పెట్టుకుంది. మూడో పడవలో సుబ్బు వచ్చాడు. బండి నిండుతుండటం చూసి నీళ్లలోనే నిలబడిపోయాడు. ఆ గోలలో మాల్యాద్రి ఎప్పుడు వెళ్లాడో ఎవరూ గమనించలేదు. పక్క పాళెం వాళ్లు చేప ఎక్కించుకొమ్మని పిలిచారని, అటు పోయాడని తర్వాత తెలిసింది.

తొట్టి మీద పట్టా కప్పి తాడు కట్టడం అయ్యాక రోజారమణి బండి రెండో తలుపు తెరిచి పట్టుకుంది.

“ఎక్కత్తా.”

“నేనా? నాకెందుకులే.”

“తొలి వేట. పెద్దదానివి నువ్వుండాల. ఎక్కు.”

నాగులమ్మ పడవెక్కినట్టు కొంగు బిగించి ఎక్కింది. చప్పుడు లేకుండా ఊరు వెనక్కి జరగడం మొదలుపెట్టేసరికి తలుపు కమ్మీ గట్టిగా పట్టుకుంది. సరుగుడు తోపులు దాటారు. రొయ్యల గుంటలు దాటారు. వాకాడు దాటారు. తెర మీద అంకె ఎంతైందో నాగులమ్మకు చదవడం రాదు, అందుకని ప్రతి మలుపులోనూ అడిగింది. ముప్పై మూడు. ముప్పై. ఇరవై ఎనిమిది. దారి లెక్కా, తెర లెక్కా ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఏసీ వేయలేదు, అద్దాలు దించుకున్నారు. కోట ఊరు దాటేసరికి రోజారమణి భుజాలు కిందికి దిగాయి. ఉదయం అన్న మాటలకు ఏదో చెప్పబోయింది. నాగులమ్మ రోడ్డు చూసి నడుపు అంది. ఆ అనడంలోనే అంతా అయిపోయింది.

కోట దాటిన కాసేపటికి, వరి చేల మధ్య, రోడ్డు పక్కన డీజిల్ బండి ఆగి ఉంది. ముందు మూత ఎత్తి ఉంది. వెనక తొట్టిలోంచి ఐసు నీళ్లు రోడ్డు మీదికి ధారగా కారుతున్నాయి. మాల్యాద్రి రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు.

“ఆపబాకు,” అంది నాగులమ్మ. తమ్ముణ్నే చూస్తూ అంది.

రోజారమణి ఆపింది. తెర మీద ఇరవై రెండు. గూడూరు ఇంకా పంతొమ్మిది కిలోమీటర్లు.

మాల్యాద్రి కోడలి వైపు తలుపు దగ్గరికి వచ్చాడు. అక్క వైపు చూడలేదు. గేరుపెట్టె పట్టేసిందని, నాయుడుపేట నుంచి మెకానిక్కు వచ్చేసరికి మూడు దాటుతుందని చెప్పాడు. పొద్దున ఒడ్డున మాట్లాడిన గొంతు కాదది.

“పద్నాలుగు పెట్టెలుండాయి. నా చేపైతే అడగను. పక్క పాళెం వాళ్ల తొలి వేట అది. నన్ను నమ్మి ఎక్కించినారు. తొలి వేట కుళ్లిందంటే ఆ ఊళ్లో ఎవరూ...” అని ఆగిపోయాడు.

రోజారమణి లెక్క వేసింది. ఉన్నదాని మీద పద్నాలుగు పెట్టెలు పడితే కిలోమీటరుకు ఒకటి చాలదు, ఇంకా పావు కావాలి. పంతొమ్మిది కిలోమీటర్లకు ఇరవై నాలుగు. ఉన్నది ఇరవై రెండు. రెండు తక్కువ. మధ్యలో ఆగితే పక్క పాళెం తొలి వేటే కాదు, తన ఊరి తొలి వేట కూడా రోడ్డు మీదే పోతుంది. పెద్దకాపు చూపించిన చెయ్యి మళ్లీ తన వైపు తిరగదు.

“నువ్వే చెప్పినావు గదమ్మా,” అంది నాగులమ్మ. “సరిగ్గా సరిపోద్దని.”

రోజారమణి తలుపు తెరిచి కిందికి దిగింది. వెనక్కి పోయి పట్టా తాడు ముడి విప్పింది.

“పెట్టెలన్నీ ఎక్కించు మామా. నువ్వు గూడా వెనక ఎక్కు. దారిలో నిలిచిపోతే నెట్టేదానికి మనిషి కావాల.”

ఒక్కో పెట్టె పడుతుంటే బండి కొంచెం కొంచెం కిందికి కుంగింది. పద్నాలుగోది ఎక్కాక మాల్యాద్రి అంచు పట్టుకుని తానూ ఎక్కాడు. రోజారమణి వచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. తెర వెలిగింది.

“ఎంతమ్మా?” అంది నాగులమ్మ.

ఇరవై ఒకటి.